మావయ్యగారి గొంతులో ముల్లు

పోయిన నెలలో ఓ ఆదివారం మా ఇంట్లో బొచ్చె చేప పులుసు. మావయ్యగారికి ముళ్లు ఏరి పెట్టేది ఎప్పుడూ నేనే. ఆ రోజు హాస్టల్లో ఉన్న మా వాడు ఫోన్ చేస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆయన గొంతు పట్టుకుని కూర్చున్నారు.

మీరూ చేసే ఉంటారు, నేనూ అదే చేశాను. "దిగిపోతుంది మావయ్యగారూ" అంటూ పెద్ద పెద్ద అన్నం ముద్దలు మింగించాను. తర్వాత అరటిపండు. ముల్లు దిగలేదు సరికదా, ఉమ్మి మింగడం కూడా కష్టమైపోయింది.

ఆయనకి వెన్నుపూసలు అతుక్కుపోయే జబ్బు. ఇరవయ్యేళ్లుగా మెడ కదలదు. గుమ్మంలోకి ఎవరొచ్చారో చూడాలన్నా మనిషి మొత్తం తిరగాలి. నోరు కూడా రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంటుంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసిన గొంతు డాక్టరుగారి కన్నా మత్తు డాక్టరమ్మ మొహంలోనే కంగారు ఎక్కువ కనపడింది. "ఎప్పుడు తిన్నారు?" అని అడిగారావిడ. ముద్దల లెక్క చెప్పాను. "అయ్యో, అలా పెట్టకూడదమ్మా" అన్నారు. మత్తులో ఉండగా తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చట. అరిగేదాకా ఆగుదామంటే ముల్లు అన్నవాహికని చీల్చొచ్చు. నాకు కాళ్లలో సత్తువ లేకుండా పోయింది.

అంతకన్నా పెద్ద గండం ఇంకోటుంది. మామూలుగా అయితే నిద్రపుచ్చి, తల వెనక్కి వంచి, నోట్లోంచి ఊపిరి గొట్టంలోకి ట్యూబు వేస్తారు. ఈయన్ని నిద్రపుచ్చాక ట్యూబు వెళ్లకపోతే? అందుకని మెలకువగా ఉండగానే వేస్తామన్నారు. ముక్కు, గొంతు మొద్దుబారే మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి పంపి, దాని మీదుగా ట్యూబు జారుస్తారట. అది సరైన చోట ఉందని చూశాకే మత్తు. అదీ కుదరకపోతే మెడ ముందు కోత పెట్టాలి. ఆ కాగితం మీద మా ఆయన సంతకం ఆయనదిలా లేదు.

"మెలకువగానా!" అని అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మావయ్యగారు మాత్రం బొటనవేలెత్తి చూపించి లోపలికెళ్లారు.

గంటన్నర. ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తులేదు, చేపలు మానేస్తానని మొక్కలేదు కదా అని ఇప్పుడు భయం.

చివరికి చిన్న డబ్బాలో గోరంత వంకర ముల్లు తెచ్చి చూపించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం రాసిచ్చారు. ఈయనకి ట్యూబు వేయడం ఎందుకు కష్టమో, ఏ పద్ధతిలో వేశారో అందులో ఉంది. ఎక్కడ ఏ ఆపరేషనైనా ముందు ఇది చూపించమన్నారు. నేను మూడు జిరాక్సులు తీయించాను. ఒకటి ఆయన కళ్లజోడు డబ్బాలోనే ఉంటుంది.

నిన్న మళ్లీ పులుసు పెట్టాను. ఫోన్ పక్క గదిలో పడేసి లైటు కింద కూర్చుని ముళ్లు ఏరుతుంటే, మావయ్యగారు కుర్చీతో సహా నా వైపు తిరిగి చూస్తూ కూర్చున్నారు.