ఎముకకు నేర్పిన విద్య

చెట్టు మొలవని నేల మీద మనిషి వేటకు పనిముట్టు దేనితో చేసుకుంటాడు? ఉత్తర కెనడా, గ్రీన్‌లాండ్ తీరాల ఇన్యూట్ ప్రజల గురించి చదివినప్పుడల్లా నన్ను ఈ ప్రశ్నే పట్టుకుంటుంది. ఎముక, దంతం, కారిబూ కొమ్ము, సీల్ తోలు, సముద్రంలో కొట్టుకొచ్చిన కట్టె... వాళ్లకు దొరికినవి ఎక్కువగా ఇవే.

వాళ్ల హార్పూన్‌నే, అంటే తాడు కట్టిన వేట బల్లెాన్నే తీసుకోండి. సీల్ ఒంట్లో దిగగానే మొన కర్ర నుంచి విడిపోయి, తాడు బిగిసేకొద్దీ చర్మం కింద అడ్డం తిరుగుతుంది. ఇక జంతువు ఎంత గింజుకున్నా ఊడిరాదు. 1848లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో లూయిస్ టెంపుల్ అనే కమ్మరి తిమింగలాల వేటకు ఇదే కిటుకుతో ఇనుప హార్పూన్ చేశాడు. ఇన్యూట్‌ల పూర్వులు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఆ పని సాధించారు.

చేపలకు కాకివాక్ అనే మూడు కొమ్మల బల్లెం ఉంది. నడిమి మొన పొడుస్తుంది. మస్కాక్స్ కొమ్ముతో చేసిన పక్క కొమ్మలు విచ్చుకుని చేపను ఇముడ్చుకుంటాయి, వాటి లోపలి ముళ్లు జారనివ్వవు.

వీటన్నిటికీ ప్రాణం ఓపిక. మంచులో సీల్ ఊపిరి పీల్చే రంధ్రం దగ్గర వేటగాడు గంటల తరబడి కదలకుండా నిలబడేవాడు.

మ్యూజియంలో ఇలాంటి పనిముట్టు కనిపిస్తే ఆదిమమని దాటిపోకండి. తరాల పరిశీలనతో పదునెక్కిన ఇంజనీరింగ్ అది.