కర్క్‌కి పడిన శిక్ష

స్టార్ ట్రెక్ మొదటి సినిమా (1979) నాటికే కర్క్ అడ్మిరల్. హోదా పెద్దదే, చేతిలో ఓడ మాత్రం లేదు. నాలుగో సినిమా (1986) చివర్లో, పైవాళ్ల మాట వినలేదని మళ్లీ కెప్టెన్‌గా దించేస్తారు. కెప్టెన్ అన్నాక ఓడ నడపాలి కదా, ఓడా ఇస్తారు. ఆయనకి కావాల్సిందీ అదే.

మొన్న ఆఫీసులో నన్ను మేనేజర్‌ని చేస్తామన్నారు. అంటే ఇక కోడ్ రాయడం ఉండదు, మీటింగులే. వద్దన్నాను.

పలమనేరులో టమోటా లారీ తోలి నన్ను ఇంజినీరింగ్ చదివించిన మా నాయన, "యాలరా వద్దన్నావు?" అన్నాడు. కర్క్ కథ చెప్పాను. మోకాళ్లు పోయి స్టీరింగ్ వదిలిన మనిషి, శ్రద్ధగానే విన్నాడు.

"జీతం ఎంత తేడా?"

చెప్పాను. ఇంకేం మాట్లాడలేదు.

అదే సినిమాలో కర్క్ అంటాడు, తమ శతాబ్దంలో డబ్బు వాడరని. పలమనేరులో ఇంకా వాడుతున్నాం.