జవాబు రాని ఉత్తరం

మా ఇంట్లో అయిదుగురం. అందరం మాట్లాడేది తెలుగే. తెలుగు చదవను, రాయను వచ్చేది మాత్రం నాకొక్కదానికే. అమ్మా నాయనా తమిళ బడిలో చదువుకున్నారు. అవ్వ బడి మొహమే చూడలేదు. తమ్ముడిది ఇంగ్లీషు మీడియం. మా హోసూరు పక్క ఇట్లాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి.

పోయిన ఏడాది మా తెలుగు టీచర్ ఒక పని పెట్టారు. ఇంట్లో లేని మనిషికి నిజంగానే ఒక ఉత్తరం రాసి పోస్టు చేయాలి. "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మాత్రం మొదలుపెట్టొద్దు" అన్నారు. నాకు తెలిసిన మొదలు అదొక్కటే! మా నాయన తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో పని చేస్తాడు. ఆయనకే రాద్దామని కూర్చున్నాను. రెండు రోజులైనా "ప్రియమైన నాయనకు" దగ్గరే ఆగిపోయినాను.

అప్పుడు టీచర్ బడి గ్రంథాలయం నుంచి ఒక ఇంగ్లీషు నవల తీసిచ్చారు. పేరు 'డాడీ లాంగ్ లెగ్స్'. అమెరికా రచయిత్రి జీన్ వెబ్‌స్టర్ రాసింది, 1912లో పుస్తకంగా వచ్చింది. మొదటి అధ్యాయం తప్ప నవలంతా ఉత్తరాలే. "మొత్తం చదవకపోయినా సరే, మొదలు మాత్రం చదువు" అన్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివినాను.

జెరూషా అనే అమ్మాయి అనాథాశ్రమంలో పెరిగింది. నెలకొకసారి, మొదటి బుధవారం, ధర్మకర్తలు చూడను వస్తారు. ఆ రోజు 97 మంది పిల్లలకు తల దువ్వి, గంజిబట్టలు తొడిగి నిలబెట్టాలి. అందరికంటే పెద్దది కాబట్టి ఆ చాకిరీలో చాలా భాగం జెరూషాదే. పొద్దున అయిదింటి నుంచి నిలబడే ఉంటుంది. ఆ అమ్మాయి చేసే పనులు రచయిత్రి చెప్తుంది. చదువుతుంటే నా కాళ్లే నొప్పి పుట్టినాయి.

సాయంత్రం వచ్చినవాళ్ల బండ్లు వెళ్లిపోతుంటే జెరూషా కిటికీలో నుంచి చూస్తుంది. తానూ ఒక బండి ఎక్కి పెద్ద ఇంటికి పోతున్నట్టు ఊహించుకుంటుంది. కానీ ఆ ఊహ వాకిలి దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే ఆ పిల్ల ఎప్పుడూ ఒక ఇంటి లోపలికి పోయింది లేదు! ఇక్కడ నేను పుస్తకం మూసి మా ఇంటి వాకిలి వైపు చూసినాను.

ఆ రోజే ఒక ధర్మకర్త జెరూషాను కాలేజీలో చదివిస్తానంటాడు. ఆమె నెలకొక ఉత్తరం రాయాలి. ఆయన మాత్రం జవాబు రాయడు, పేరు కూడా చెప్పడు. ఆమె చూసింది గోడ మీద ఆయన నీడను మాత్రమే. కారు దీపాల వెలుగులో ఆ నీడకు కాళ్లు పొడుగ్గా సాగి, పురుగు పాకినట్టు కనిపిస్తుంది. మొదటి ఉత్తరంలో, మీ గురించి నాకు తెలిసినవి మూడే అని ఆయనకే రాస్తుంది: పొడుగు, డబ్బున్నవాడు, ఆడపిల్లలంటే గిట్టదు. అందుకే ఆ పొడుగుకాళ్ల పురుగు పేరే ఆయనకు పెడుతుంది.

మొదటి అధ్యాయంలో ఆమె గురించి రచయిత్రి చెప్తుంది. ఉత్తరం మొదలు కాగానే ఆమే "నేను" అంటుంది. పొద్దున్నుంచి "అవునండి, కాదండి" తప్ప మాట్లాడనివ్వని పిల్లకు గొంతు వస్తుంది. ఆ ఉత్తరం వేరెవరికో రాసినా విప్పి చదువుతున్నది మనమే. జవాబు చెప్పాలనిపిస్తుంది, చెప్పలేము. అందుకే తర్వాతి ఉత్తరం కోసం పేజీ తిప్పుతాము.

ఆ రాత్రి నేనూ మూడు విషయాలతో మొదలుపెట్టినాను. "నాయనా, తిరుప్పూరులో నువ్వెట్లా ఉంటావో నాకు తెలిసినవి మూడే. ఆదివారం రాత్రి ఫోన్ చేస్తావు. నీ వెనక మిషన్ల చప్పుడు ఉంటుంది. 'తిన్నావా పాపా, చదువుతా ఉండావా' అంటావు." తర్వాత ఇంటి సంగతులు రాసినాను. గులాబీ తోటలో పూలు కోసి వచ్చే అమ్మ వేళ్ల మీద ముళ్ల గీతలు, నా పక్కన కూర్చుని "నేను అడిగినానని రాయి" అంటున్న అవ్వ. చివర్లో, ఫోన్‌లో చెప్పలేకపోయింది రాసినాను. "తెలుగుతో ఏం చేస్తావు, బడి మారుస్తాను అన్నావు. నేను ఊ అన్నాను. అది నిజం కాదు. నాకు ఈ బడిలోనే చదవాలని ఉంది."

పోస్టు డబ్బాలో వేసినాక గుర్తొచ్చింది, నాయనకు తెలుగు చదవను రాదని!

జవాబు రాలేదు. ఫోన్‌లో కూడా ఆ మాట ఎత్తలేదు. పొంగలికి నాయన వచ్చినప్పుడు చొక్కా జేబులో నా ఉత్తరం ఉంది, మడతల దగ్గర నలిగిపోయి. తన గదిలో ఉండే కుప్పం ఆయనతో మూడుసార్లు చదివించుకున్నాడంట. "అవ్వ అడిగిందని ఎక్కడ రాసినావు? చూపించు" అన్నాడు. వేలు పెట్టి చూపించినాను. ఆ రెండు అక్షరాలనూ చాలాసేపు చూసినాడు.

బడి సంగతి ఇంకా తేలలేదు. "వేసవికి చూద్దాం" అన్నాడు. నేను ఇప్పుడు నాలుగో ఉత్తరం రాస్తున్నాను.