కరవని కాలు

కొత్త చెప్పులు కరవడం మన ఆడవాళ్ళకి కొత్తేం కాదు. పెళ్ళికి ముచ్చటపడి వేసుకెళ్ళినవి భోజనాల వేళకే చేతిలోకొస్తాయి. కొబ్బరినూనె రాసి, దూది పెట్టి, అప్పటికీ లొంగకపోతే అటకెక్కించేస్తాం. మరి కరిచేది చెప్పు కాకుండా కాలే అయితే?

మా చిన్నత్తయ్యగారికి చక్కెర వ్యాధి మూలంగా ఎడమకాలు మోకాలి కిందికి తీసేయాల్సి వచ్చింది. గాయం మానాక పెట్టుడు కాలు వచ్చింది. ఇంటిల్లిపాదీ చూసింది పాదాన్నే. వేళ్ళున్నాయా, రంగు కలిసిందా, కుచ్చిళ్ళ కింద తేడా తెలుస్తోందా అని! ఆవిడ మాత్రం, “పాదం బాగానే ఉందిలే అమ్మాయ్, పైనున్న గిన్నె కరుస్తోంది” అన్నారు.

ఆ గిన్నెనే సాకెట్ అంటారు. మిగిలిన కాలు అందులో కూర్చుంటుంది. ఒంటి బరువంతా కాలి మొండి చివర పడుతుందనుకుంటాం గానీ, అలా పడితే ఎవరూ అడుగు వెయ్యలేరు. మోకాలిచిప్ప కిందా, చుట్టూ ఉన్న కండమీదా, అంటే ఓర్చుకోగల చోట్ల బరువు పడేలా, ఎముక పొడుచుకొచ్చిన చోట వత్తిడి లేకుండా, అచ్చు తీసి దాన్ని తయారుచేస్తారు. రవికలాగే ఒకరి కొలత ఇంకొకరికి పనికిరాదు. పోనీ ఆ కొలతైనా నిలుస్తుందా? మొదటి నెలల్లో వాపు తగ్గి కాలు సన్నబడుతుంది. పొద్దుటికీ సాయంత్రానికీ కూడా తేడా వస్తుంది. అందుకే లోపల మేజోళ్ళు తొడుగుతారు. వదులైతే ఒకటి ఎక్కువ, బిగుతైతే ఒకటి తక్కువ.

చూడొచ్చిన వాళ్ళంతా “మొదట్లో అలాగే ఉంటుంది, ఓర్చుకుంటే అలవాటవుతుంది” అన్నారు. అత్తయ్యగారు ఊరుకోలేదు. “నలభై ఏళ్ళు ఈ ఇంటికి నేను సర్దుకున్నాను. ఈ కాలైనా నాకు సర్దుకోనీండి” అన్నారు. అందరం నవ్వాం గానీ, ఆవిడ మాటే నిజం. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకి చర్మం మొద్దుబారి నొప్పి తెలియకపోవచ్చు. తెలియని రాపిడి పుండై, మానకపోతే, కాలు ఇంకాస్త పైకి తియ్యాల్సి రావచ్చు. ఆవిడకి నొప్పి తెలియడమే అదృష్టం. సాకెట్ మళ్ళీ చేయించాం. ఇప్పుడు రోజూ రాత్రి కాలు విప్పగానే, చేతిలో అద్దం పెట్టుకుని ఎక్కడైనా ఎర్రబడిందేమోనని చూసుకుంటారు.

అలాగని పాదం సంగతి తక్కువేం కాదు. విదేశాల్లో పుట్టిన పాతకాలపు పెట్టుడు పాదం బూటులో ఉండటానికి పుట్టింది. వాళ్ళది కుర్చీల బతుకు. మనకో? పీట, చాప, వాకిట్లో ముగ్గు, గుళ్ళోకి వట్టికాళ్ళు. అది గమనించే 1968లో జైపూర్‌లో రామచంద్రశర్మ అనే హస్తకళాకారుడూ, ప్రమోద్ కరణ్ సేఠీ అనే డాక్టరూ కలిసి రబ్బరూ చెక్కా వాడి, అన్నివైపులా కాస్త వంగే పాదం తయారుచేశారు. గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు, తడిలో చెప్పుల్లేకుండా నడవొచ్చు. సేఠీగారికి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. 1981లోనే ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ ఆ జైపూర్ కాలితోనే మళ్ళీ నాట్యం చేసి, మన “మయూరి” సినిమాలో నటించింది కూడా.

మా అత్తయ్యగారికి నాట్యం అక్కర్లేదు, వాకిట్లో ముగ్గేసుకుంటే చాలు. అందుకే ఆవిడా జైపూర్ పాదమే కావాలన్నారు. ఎగుడుదిగుడు నేలమీద పరుగెత్తే కుర్రాడికి స్ప్రింగులా పనిచేసే కార్బన్ పాదం నచ్చవచ్చు. ఎవరి అవసరం వారిది. ఖరీదైనదే మంచిదనుకోనక్కర్లేదు.

ఇంకోమాట. పాదాన్ని ఒక మడమ ఎత్తుకి సరిచూసి బిగిస్తారు. ఆ తర్వాత చెప్పుల ఎత్తు మారిస్తే మోకాలు ముందుకో వెనక్కో తోసుకుపోతుంది, నడక తప్పుతుంది. మొన్న మనవరాలి పెళ్ళికి ఎత్తుమడమ చెప్పులు కొనిస్తామంటే అత్తయ్యగారు ఒప్పుకోనిది అందుకే.

మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ ఎవరికైనా కొత్త కాలు వస్తే, “ఎంత బాగుందో!” అనేముందు “ఎక్కడైనా నొక్కుతోందా?” అని అడగండి. నొక్కుతోందంటే ఓర్చుకోమనకండి. కాలు అమర్చినతని దగ్గరికి ఆ రోజే తీసుకెళ్ళండి.