అత్తగారి బండి

మా అత్తగారు కుర్చీ నడుపుతారు.

కుర్చీలో కూర్చుంటారుగానీ నడపడమేమిటమ్మా అని మీరు నవ్వుకోవచ్చు. కరెంటు కుర్చీ అండీ. చేతికింద చిన్న పుల్ల ఉంటుంది. అది ఎటు వంచితే కుర్చీ అటు పోతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. జాయ్‌స్టిక్ అంటారట. మా అత్తగారు మాత్రం "పుల్ల" అనే అంటారు. మావారు ఆ కుర్చీకి పుష్పకమని పేరు పెట్టారుగాని నిలవలేదు. అత్తగారు "బండి" అన్నారు, అందరికీ బండే అయింది.

2022లో ఆవిడ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే అయింది. కానీ మోకాళ్ళు అంతకుముందే అరిగిపోయి ఉన్నాయేమో, నడక మాత్రం తిరిగి రాలేదు. పట్టుకుంటే లేచి నిలబడతారు, రెండడుగులు వేస్తారు, అంతే. ఏడాదిన్నర చేత్తో తోసే కుర్చీలోనే గడిపారు. ఆ ఏడాదిన్నరా మా ఇంట్లో రోజుకి ఇరవైసార్లు వినిపించిన మాటలు రెండే. "అమ్మాయ్, కాస్త బాల్కనీలోకి తొయ్యవే" అని ఆవిడ. "ఉండండత్తయ్యగారూ, పోపు మాడిపోతోంది" అని నేను. పోపయ్యాక కుక్కరు, కుక్కరయ్యాక పాలు. బాల్కనీ చేరేసరికి అక్కడ ఎండ వచ్చి కూర్చునేది. ఆవిడ పాపం ఏమీ అనేవారు కాదు.

2024 ఉగాదికి మా ఆడపడుచు పట్టుబట్టి ఈ బండి కొనిపించింది. తెచ్చిన కుర్రాడు పావుగంటలో గడగడా అన్నీ అప్పజెప్పేశాడు. బెల్టు ఇలా పెట్టాలి, వేగం ఒకటి నుంచి అయిదు దాకా ఇలా మార్చాలి, చార్జరు ఇక్కడ పెట్టాలి. కుర్చీ వెనకాల, మోటార్ల దగ్గర రెండు ఎర్రటి మీటలు కూడా చూపించాడు. బండి ఎక్కడైనా మొరాయిస్తే ఆ మీటలు తీసి చేత్తో తోసుకోవచ్చట. "మళ్ళీ వేసెయ్యడం మాత్రం మర్చిపోకండి మేడమ్" అన్నాడు. ఇదంతా నాకూ మావారికీ చెప్పాడుగాని, కుర్చీలో కూర్చున్న మనిషి వంక చూడనైనా లేదు. అప్పుడు నాకది తప్పుగా తోచనేలేదు.

మొదటి గొడవ గడపతో వచ్చింది. మా వీధి గుమ్మం గడప ఎత్తు 3 అంగుళాలు. కోయించేద్దామన్నారు మావారు. "గడప లేని ఇల్లు ఇల్లేనట్రా? శుక్రవారం పసుపు దేనికి రాయాలి, నీ మొహానికా?" అన్నారు అత్తగారు. చివరికి వడ్రంగిని పిలిచాం. అంగుళం ఎత్తుకి అడుగు పొడుగుండాలని లెక్క. అంటే మా గడపకి 3 అడుగుల వాలు చెక్క, అటొకటీ ఇటొకటీ. చెక్కమీద జారకుండా రబ్బరు పట్టీలు కొట్టించాం. గడపకి పసుపూ దక్కింది, బండికి దారీ దక్కింది. ముగ్గు పిండి చక్రాలకంటుకుని హాల్లో తెల్లటి చారలు పడేవి. వాటిని చూస్తే ఆవిడ పొద్దున్నించీ ఎక్కడెక్కడ తిరిగారో తెలిసిపోయేది.

ఎక్కడెక్కడంటే ఏం చెప్పను! మొదటివారం డైనింగు బల్లకాలికి తగిలారు. రెండోవారం నా కాలి బొటనవేలికి. 50 కిలోల బండి వేలిమీంచి వెడితే ఎలా ఉంటుందో మీకు వర్ణించి చెప్పక్కర్లేదు. మూడోవారానికి వరండా, నెలయ్యేసరికి లిఫ్టు. ఓ రోజు నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో మనిషి లేరు! గుండె ఆగినంత పనైంది. తడిజుట్టుతో కిందికి పరిగెత్తితే, ఆవిడ గేటు దగ్గర తోపుడుబండివాడితో బేరమాడుతున్నారు. ఒళ్ళో కిలో వంకాయలు. "లేతగా ఉన్నాయే, గుత్తొంకాయ చెయ్యి" అన్నారు నన్ను చూసి. పక్కన చూద్దును గదా, పైట చెంగు చక్రానికి జానెడు దూరంలో వేళ్ళాడుతోంది.

ఆ చెంగు నాకు కలలోకి కూడా వచ్చింది. అప్పుడు చేశాను ఆ పని. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. నేను స్నానానికి వెళ్ళేముందూ, మధ్యాహ్నం నడుం వాల్చేముందూ, వెనకనించి చప్పుడు కాకుండా ఆ ఎర్ర మీటలు తీసేసేదాన్ని. ఆవిడ పవరు నొక్కితే బండి కీచుకీచుమనేదిగాని కదిలేది కాదు. "చార్జింగ్ అయిపోయిందేమో అత్తయ్యగారూ" అనేదాన్ని. "దీపాలన్నీ నిండుగా ఉన్నాయి గదే?" అనేవారావిడ. "వాటికేం తెలుసండీ" అనేదాన్ని. ఆవిడ భద్రత కోసమేగా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. నిజానికి ఆ గంటసేపూ నా నిద్ర నాకు భద్రంగా ఉండేది.

ఆ ఏడు కార్తీక పౌర్ణమి. మా అపార్టుమెంటులో గేటు లోపల తులసికోట ఉంది. ఆడవాళ్ళందరూ అక్కడ దీపాలు పెడుతున్నారు. నేను వంటింట్లో ప్రసాదం చేస్తూ, అరగంటలో నేనే తీసుకెళ్ళొచ్చులే అని మీటలు తీసి ఉంచాను. బండి కదలకపోయేసరికి అత్తగారు ఊరుకుంటారా? వాచ్‌మన్‌ని కేకేశారు. అతను తోసుకుంటూ లిఫ్టులో కిందికి దింపాడు. కింద మెట్ల పక్కన వాలు ఉంది. బండీ మనిషీ కలిపి నూరు కిలోల పైమాట. వాలు ఎక్కగానే బండి అతని చేతుల్లోంచి జారిపోయింది.

అత్తగారు తను నేర్చుకున్నదే చేశారు, పుల్లమీదనించి చెయ్యి తీసేశారు. వదిలేస్తే ఆగిపోవాలి గదా! ఆగలేదు. ఆ బండికి బ్రేకులు మోటార్లలోనే ఉంటాయండీ. మీటలు తీస్తే బ్రేకు కూడా తీసినట్టే. ఎదురుగా దీపాలు, దీపాల చుట్టూ పట్టులంగాల్లో పిల్లలు. అదృష్టవశాత్తూ బండి ఓ పక్కకి తిరిగి సిమెంటు పూలతొట్టికి కొట్టుకుని ఆగింది. బెల్టు ఉండబట్టి ఆవిడ ముందుకి పడలేదు. కాలివేలి గోరు లేచిపోయి రక్తం కారింది, పిక్క నల్లగా కమిలింది.

అందరూ కలిసి వాచ్‌మన్‌ని తిట్టారు. మావారు కూడా తిట్టారు. అతను తలొంచుకుని నిలబడ్డాడు. నేను గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని పక్కనే ఉన్నాను, నోరు విప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు, కాస్త పెద్దవాడు. వంగి చూసి, "మీటలెవరు తీశారమ్మా?" అన్నాడు. ఇంక దాచలేక అందరిముందూ చెప్పేశాను. మావారు నోరు తెరిచారు. అత్తగారు మాత్రం కట్టు కట్టిన కాలు చూసుకుంటూ, "నాకు అనుమానంగానే ఉందిలే. నేను కాపరానికొచ్చిన కొత్తలో పక్కింటికి పోతానని మా అత్తగారు నా చెప్పులు దాచేసేవారు. వట్టి కాళ్ళతో వెళ్ళేదాన్ని" అన్నారు. తరవాత మెకానిక్ వైపు తిరిగి, "బాబూ, ఇదంతా నాకు చెప్పు. దీనికి చెప్పకు" అన్నారు.

అతను కుర్చీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఆవిడకే చెప్పాడు. ఎక్కేముందూ దిగేముందూ పవరు ఆపెయ్యాలి, లేకపోతే చెయ్యో చెంగో పుల్లకి తగిలితే మీరు సగం లేచి ఉండగానే బండి కదిలిపోతుంది. కాళ్ళు పెట్టుకునే పలకలు పైకి మడిచాకే దిగాలి, వాటిమీద నిలబడితే బండి ముందుకి తిరగబడుతుంది. వాలుమీద ఏటవాలుగా పోకూడదు, తిన్నగా పోవాలి, వేగం ఒకటిలో పెట్టుకుని. ఎక్కేటప్పుడు కాస్త ముందుకి వంగండి. ఎవరైనా తోస్తామంటే తోయించుకోండిగాని, వాలుమీద మాత్రం మీటలు తీసి వద్దు. ఆవిడ మధ్యమధ్య ఆపి ప్రశ్నలు వేశారు. నాకు తోచని ప్రశ్నలు! వాన పడితే ఎలా? పుల్లమీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని ఇంటికి వచ్చెయ్యమన్నాడు.

ముందు చక్రాలు విప్పి చూపిస్తే మా ఇంట్లో ఆడవాళ్ళందరి జుట్టూ అందులోనే ఉంది. కత్తెరతో తీశాడు. పనిమనిషి ఇల్లు కడుగుతూ బండిమీద కూడా ఓ చెంబుడు నీళ్ళు కుమ్మరించేదని తెలిసి గుండెలు బాదుకున్నాడు. గట్టిగా పిండిన తడిగుడ్డతో తుడవడమే తప్ప నీళ్ళు కూడదట. బ్యాటరీ సంగతి వేరే రామాయణం. మాది సీసం బ్యాటరీ. కొంచెమే తిరిగినా సరే రాత్రి చార్జింగు పెట్టాల్సిందే, పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడితే త్వరగా చచ్చిపోతుంది. దానితో వచ్చిన చార్జరే పెట్టాలి, దానిమీద గుడ్డలు ఆరెయ్యకూడదు, గాలాడాలి. మా ఇంట్లో చార్జరు ఉండేది దేవుడి గూటి కింద, దీపానికి బారెడు దూరంలో. పైగా మిక్సీ కావాలంటే ముందు పీకేది దాన్నే. అదే రోజు హాల్లో దానికి వేరే ప్లగ్గు వేయించాం.

సాయంత్రం అత్తగారు నన్ను కిందికి పంపించారు. "కాఫీ పట్టికెళ్ళు, నీ నోటితో నువ్వే చెప్పు" అన్నారు. వాచ్‌మన్ కాఫీ తాగి, "పర్లేదమ్మా, పెద్దమ్మగారికేం కాలేదు, అదే చాలు" అన్నాడు. అతను కోప్పడి ఉంటేనే బాగుండేదనిపించింది.

ఇప్పుడు పొద్దున్న పది కాగానే ఆవిడ తయారు. పైట చెంగు ముందుకి తిప్పి బొడ్లో దోపుకుంటారు, బెల్టు పెట్టుకుంటారు, సంచీ ఒళ్ళో పెట్టుకుంటారు. నాకు భయం పోయిందని అబద్ధమాడను. పోపు పెడుతూనే వంటింటి గుమ్మంలోంచి తొంగి చూస్తుంటాను, ఆ ఎర్ర మీటల వైపు. అత్తగారు తల తిప్పకుండానే, "వేసే ఉన్నాయి, చూసుకున్నాన్లేవే. పోపు మాడుతోంది చూడు" అంటారు.