ఎద్దు పళ్ళు చూసే మనం బండి దగ్గర ఎందుకు మొహమాటపడతాం?



పంట డబ్బులు చేతికొచ్చే రోజులు. ఊళ్ళో ఎవరో ఒకరు సెకండ్ హ్యాండ్ బండి కోసం తిరుగుతూనే ఉంటారు. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు, పాతది కొనడంలో తప్పూ లేదు. నేనూ పాతదే కొన్నా. కానీ కొన్న తీరు తప్పు. దానివల్ల డబ్బుతో పాటు చుట్టరికం కూడా పోగొట్టుకున్నా, రెండేళ్ళ పాటు.

2019లో మా బావమరిది తన హండ్రెడ్ సీసీ బండి అమ్ముతున్నాడని తెలిసింది. 2012 మోడల్. నేనూ మా ఆవిడా సాయంత్రం పూట వాళ్ళింటికెళ్ళాం. బండి కడిగి, తుడిచి వాకిట్లో పెట్టాడు. ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. వీధి చివరిదాకా పోయొచ్చా. "ఎలా ఉంది బావా?" అన్నాడు. బాగుందన్నా. ఇరవై ఆరు వేలు చేతిలో పెట్టి, అక్కడే అన్నం తిని, ఆ బండి మీదే ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున్నే కిక్కు కొడితే ఉలుకూ పలుకూ లేదు. పదో కిక్కుకో, పన్నెండో కిక్కుకో అందుకుని వాకిలంతా తెల్లటి పొగ నింపింది. చలికేమోలే అనుకున్నా. నెల తిరక్కుండానే, మిరపకి మందు తెస్తుంటే దారిలో ఇంజన్ పట్టేసింది. మెకానిక్ ఇంజన్ విప్పితే లోపల ఆయిల్ గుక్కెడు కూడా లేదు. అంతా పొగలోనే పోయింది. బోరు, పిస్టను, రింగులు కలిపి ఎనిమిది వేలు. మందు కొట్టే అదను దాటిపోయింది, అది వేరే లెక్క.

బావమరిదికి ఫోన్ చేశా. "నాకు బాగానే నడిచింది బావా, నువ్వే చూసుకుని తీసుకున్నావుగా" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టా. వరసగా రెండు సంక్రాంతులకి వాళ్ళింటికి పోలేదు. మా ఆవిడ బండి గురించి ఒక్క మాట అనలేదు. "నా పుట్టింటి పండగ పోయింది" అని మాత్రం ఒకసారి అంది.

కోపం చల్లారాక ఆలోచిస్తే అర్థమైంది, వాడు అబద్ధం చెప్పలేదు. పొద్దున్నే బండిని కాస్త ఒరగదీయడం, చోక్ లాగడం, యాక్సిలరేటర్ సగం తిప్పి పట్టుకుని కిక్కు కొట్టడం వాడికి అలవాటైపోయింది. వాడి లెక్కలో అది జబ్బు కాదు, ఆ బండి పద్ధతి. ఏడేళ్ళు నడిపిన మనిషికి దాని లోపం కనపడదు. చూసుకోవాల్సింది నేను. చూడకపోవడానికి కారణం తెలియక కాదు, మొహమాటం. బామ్మర్ది బండి గీకి గీకి చూస్తే ఏమనుకుంటాడో అని.

అదే ఎద్దు అయితే? సొంత అన్నదమ్ముడి దగ్గర కొన్నా నోరు తెరిచి పళ్ళు చూస్తాం. సుడులు చూస్తాం, నడిపించి చూస్తాం, అరక కట్టి చూస్తాం. గేదె అయితే రెండు పూటలా పాలు పితికి చూస్తాం. ఎవరూ తప్పు పట్టరు, అది ఆనవాయితీ. బండికి కూడా ఆ ఆనవాయితీ మనమే పెట్టుకోవాలి. నేను ఇప్పుడు ఎలా చూస్తానో చెప్తా.

ముందు వేళ. సాయంత్రం పోవద్దు, పొద్దున్నే పోండి. వెళ్ళగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. వేడి ఇంజన్ దాని జబ్బు చెప్పదు. ఇంకోరోజు వస్తామని చెప్పండి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి చూడండి. పొడి మసి అంటితే పర్లేదు. జిడ్డుగా, తడిగా అంటితే ఆయిల్ కాలుతున్నట్టే. తర్వాత ఆయిల్ మూత తీసి పుల్లకి ఎంత అంటిందో చూడండి. నల్లగా ఉంటే భయపడక్కర్లేదు, మార్చుకుంటే సరిపోతుంది. తక్కువుంటే భయపడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి.

ఇప్పుడు మీరు కాదు, ఓనర్నే స్టార్ట్ చేయమనండి. చేతులు కట్టుకుని ఆయన చేతులూ కాళ్ళూ చూడండి. ఏమేం కిటుకులు చేస్తున్నాడో అవే ఆ బండి జబ్బులు. చలిలో మొదట కాస్త తెల్ల ఆవిరి రావచ్చు, నిమిషం రెండు నిమిషాల్లో పోవాలి. పోకుండా నీలంగా, తెల్లగా పొగ వస్తూనే ఉంటే రింగులో వాల్వు సీళ్ళో అరిగాయి. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, ఎయిర్ ఫిల్టరో కార్బ్యురేటరో చూసుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఎక్కువ వాటికి కార్బ్యురేటర్ ఉండదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. వాటికి తాళం తిప్పగానే మీటర్లో ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉంది. అసలు వెలగకపోతే లోపం కనపడకుండా ఎవరో పీకేసి ఉండొచ్చు.

మన ఊరి బండ్లకి ఇంజన్ కంటే బాడీ ముందు పోతుంది. పాల క్యాన్లు, యూరియా బస్తాలు, గడ్డి మోపులు అన్నీ వెనకే కదా. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని అటూ ఇటూ లాగండి. లొడలొడలాడితే బుష్షులో బేరింగులో పోయాయి. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో టక్కున పట్టినట్టుంటే కోన్‌సెట్టు పోయింది. హ్యాండిల్ మెడ దగ్గర వేలితో తడమండి. అక్కడ మాత్రమే కొత్త పెయింటో, వెల్డింగ్ గుర్తో ఉంటే ఆ బండి ఎక్కడో గుద్దుకుంది.

మీటర్ రీడింగ్ నమ్మొద్దు. కేబుల్ పీకితే మీటర్ ఆగుతుంది, బండి ఆగదు. బ్రేకు పెడలు రబ్బరు, ఫుట్‌రెస్టు రబ్బరు చూడండి. ఇరవై వేల కిలోమీటర్లని చెప్పిన బండికి అవి నున్నగా అరిగిపోయి ఉంటే లెక్క తేడా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

2024 సెప్టెంబర్లో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో చూశాం. మునిగిన బండి గుర్తులు సీటు కింద మూలల్లో ఎండిన బురద, హెడ్‌లైటు అద్దం లోపల నీటి మరకలు, వైర్ల జాయింట్ల దగ్గర పచ్చటి చిలుము.

చివరికి నడిపి చూడండి, ఒక్కరే కాదు, వెనక మనిషిని ఎక్కించుకుని, ఎత్తున్న దారిలో. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు అరిగాయి. ఒకరు వెనక నిలబడి రెండు చక్రాలూ ఒకే గీతలో పోతున్నాయో లేదో చూడాలి.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. ఆర్సీలో ఉన్న చాసిస్ నంబరు బండి మీద నంబరుతో కలవాలి. ఆర్సీలో ఫైనాన్స్ ఉంటే ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఫారం 29, 30 మీద సంతకాలు అప్పుడే తీసుకుని 14 రోజుల్లోపు ట్రాన్స్‌ఫర్‌కి పెట్టండి. అమ్మేవాళ్ళకి కూడా ఇది ముఖ్యం. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు ఆర్సీలో ఉన్నవాడిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

లోపం కనపడ్డ ప్రతి బండీ వదిలేయాలని కాదు. చైన్ సెట్టు, టైర్లు, బ్రేకు షూలు, బ్యాటరీ ఇవన్నీ బేరం సరుకు. పొగ, వంగిన బాడీ, తేడా కాగితాలు మాత్రం వదిలేసే సరుకు. బక్కచిక్కిన ఎద్దుని మేపుకోవచ్చు. కుంటి ఎద్దుని ఎంత మేపినా కుంటే.

మూడో సంక్రాంతికి నేనే ముందు వెళ్ళా. వాడూ ఏం అనలేదు, నేనూ ఏం అనలేదు, తిని పడుకున్నాం. మొన్న వాడి కొడుకు కాలేజీకి పాత బండి కావాల్సొచ్చి "బావా, నువ్వొచ్చి చూడు" అని ఫోన్ చేశాడు. మొదటి బండికి మెడ దగ్గర కొత్త పెయింట్ ఉంది. నేను వంగి తడుముతుంటే అమ్మే ఆయనకి కోపమొచ్చింది. "నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు మా బావమరిదే అన్నాడు, "నీ మీద ఉందన్నా, బండి మీద లేదు." ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేశాం. రెండో బండికి చైన్ సెట్టు, వెనక టైరు అరిగాయి. నాలుగు వేలు తగ్గించి తీసుకున్నాం.

మీరు కొనేటప్పుడు నేను చెప్పినవన్నీ గుర్తుండకపోయినా పర్లేదు. ముందురోజు ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పండి: "అన్నా, పొద్దున్నే వస్తా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యొద్దు." చుట్టం దగ్గర కొంటుంటే మరీ తప్పకుండా చెప్పండి.