రాయవేలూరు రాతిరంగులు: రెండు లేఖలు

వేలూరు



రాయవేలూరు అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది ఇడా స్కడర్ 1900లో ఒకే పడకతో మొదలుపెట్టిన వైద్యశాల, అది పెరిగి అయిన సీఎంసీ ఆసుపత్రి; ప్రకృతిదృశ్యాలు చిత్రించేవారికి మాత్రం ఆ ఊరు రాయి, నీరు, ఎండ ఒక్కచోట దొరికే తావు. విజయనగర సామంతుల కాలంలో, పదహారవ శతాబ్దంలో లేచిన కోట చుట్టూ అగడ్త, అగడ్తకు ఆవల చెట్టూచేమా పలచబడిన రాతి కొండలు ఉండటంచేత, స్పాట్ పెయింటింగుకు, అనగా ఫొటో చూసి గాక దృశ్యం ఎదుట కూర్చుని అక్కడికక్కడే బొమ్మ ముగించే పద్ధతికి, ఇంతకన్న అనువైన చోటు ఈ ప్రాంతంలో అరుదు. అయినా వచ్చినవారిలో చాలామంది కోటలోని జలకంఠేశ్వరాలయ గోపురం దగ్గరే ఆగిపోవడం విచారకరం. గోపురం ఎక్కడైనా దొరుకుతుంది, ఈ అగడ్త దొరకదు.

అగడ్తలోని ప్రతిబింబం కొత్తవారిని తికమకపెడుతుంది. ఎండ పడిన గోడ నీటిలో అసలుకన్న కాస్త ముదురుగాను, నీడపట్టున ఉన్న గోడ కాస్త లేతగాను కనబడుతుంది కనుక, పైనున్న రంగునే కింద కూడా దించితే నీరు నీరుగా నిలవదు. గోడకు తయారు బూడిదరంగు పూస్తే అది సిమెంటు గోడైపోతుంది. అల్ట్రామెరీన్ నీలంలో బర్న్ట్ సియన్నా అనే కాల్చిన మట్టిరంగు కలిపినప్పుడు, నీలపు రేణువులు గరుకు కాగితపు గుంటల్లో పేరుకొని రాతి చర్మం వంటి పొడితనాన్ని ఇస్తాయి, దీనినే గ్రాన్యులేషన్ అంటారు. ఇక వాష్, అనగా నీళ్లలో పలచగా కలిపిన రంగును వెడల్పు కుంచెతో ఆగకుండా పరచడం, వేసవిలో పొద్దెక్కాక ఇక్కడ దాదాపు అసాధ్యం: కుంచె కిందికి దిగేలోపే పై అంచు ఆరి గీత కడుతుంది. అందుచేత తెల్లవారగానే మొదలుపెట్టి, ఆకాశాన్ని ముందు ముగించి, నీడల జాగాలను పెన్సిలుతో గుర్తించుకోవడమే అనుభవజ్ఞుల పద్ధతి. నీడ ఎలాగూ కదిలిపోతుంది.

ఈ దిక్కుకు చిత్రకారులు రావడం కొత్త కాదు. థామస్ డానియెల్, అతని సోదరుని కుమారుడు విలియం 1792లో మద్రాసు నుంచి బయలుదేరి బారామహల్ అనే ప్రాంతపు దుర్గాలను గీసుకొంటూ సాగారు. వారి భారతయాత్రల ఫలమైన ‘ఓరియంటల్ సీనరీ’ 1795–1808 మధ్య 144 ఆక్వాటింట్లతో లండన్‌లో వెలువడింది. ఆక్వాటింట్ అంటే రాగిరేకును ఆమ్లంతో తినిపించి నీటిరంగు వంటి ఛాయలు రప్పించే అచ్చుపద్ధతి. వాటిలో నేర్పుకు లోటు లేదు గాని, కొండలన్నీ ఇంగ్లండు ఇళ్ల గోడలకు తగినంత గంభీరంగానే నిలబడతాయి, చెమట పట్టించే ఎండ మాత్రం ఎక్కడా తగలదు.

గుడియాత్తం

వేలూరుకు పడమట, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ నేతపట్నాన్ని ఒరుసుకొని పారే కౌండిన్య నది పలమనేరు వైపు కొండల నుంచి దిగి, మోర్ధానా జలాశయం దాటి, పాలారులో కలుస్తుంది. ఏడాదిలో చాలాకాలం అది ఏరనడం కన్న ఇసుక అనడమే సబబు. నీటిరంగులో సాధారణంగా తెలుపు వేయరు, కాగితపు తెలుపునే వదిలిపెడతారు కనుక, ఎండలో కళ్లు చెదిరే ఆ ఇసుకను చిత్రించడమంటే ఎంత వేయకుండా ఉండాలో తెలుసుకోవడమే. తమిళుల వైకాసి మాసారంభాన, మే నడుమ, గంగమ్మ శిరసు ఊరేగే జాతరలో ఈజిల్ నిలబెట్టడానికి అడుగు జాగా దొరకదు. ఆనాటికి చేతిలో పట్టే పుస్తకం, ఇంకుపెన్ను చాలు.

చిత్రకళా వర్క్‌షాపుల్లో గురువు ముందుగా డెమో, అనగా అందరూ చూస్తుండగా ఒక బొమ్మ పూర్తిచేయడం, చూపుతాడు. దానికన్న ఉపకరించేది అగ్గిపెట్టెంత గళ్లలో వెలుగు, మధ్యఛాయ, చీకటి అనే మూడింటితోనే దృశ్యాన్ని ముందు తేల్చుకొనే అభ్యాసం. డెమో చూసినవారికి గురువు చేయి వస్తుంది, గళ్లు గీసినవారికి సొంత కన్ను వస్తుంది. ప్రదర్శనకు మాత్రం చెన్నై చేరవలసిందే, లలితకళా అకాడమీ ప్రాంతీయ కేంద్రమూ, 1966లో వెలసిన చోళమండలం కళాకారుల గ్రామమూ అక్కడివే. ఒళ్లో పెట్టుకొని వేసిన చిన్న బొమ్మలు పెద్ద హాలులో వెలవెలబోతాయి. వాటిని చూపుమట్టానికి కాస్త దిగువగా, దగ్గరదగ్గరగా, మెరవని అద్దం వేసి తగిలించాలి. అద్దం ధర వింటే మాత్రం బొమ్మ ధర పెంచక తప్పదనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం పలమనేరు మీదుగా.